కలర్ టీవీ కలదు!

ప్రశ్న: పెళ్లికని విజయవాడ వెళ్లి స్టేషన్ దగ్గర ఒక పాత లాడ్జిలో దిగాం. బయట బోర్డు మీద ‘కలర్ టీవీ, ఎస్‌టీడీ, ఎయిర్ కూల్డ్ గదులు కలవు’ అని పెద్ద పెద్ద అక్షరాలు. కలర్ లేని టీవీ ఇప్పుడెక్కడ దొరుకుతుందమ్మా అని మా అమ్మాయి ఒకటే నవ్వు. ఇవన్నీ ఇంకా ఎందుకు ఉంచుతారండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తీయడానికి కూలి ఎవరిస్తారమ్మా? బోర్డేమో మూడో అంతస్తు ఎత్తున ఉంటుంది. పరంజా కట్టాలి, పెయింటర్‌ని వెతకాలి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టేవాళ్లే తగ్గిపోయారు. అయినా ఓనరుని అడిగి చూడండి, ‘టీవీ ఉందా లేదా? అందులో రంగులు వస్తున్నాయా లేదా?’ అంటాడు. ఏం చెప్తాం!

అమ్మాయిని నవ్వనివ్వండి గానీ, మన దూరదర్శన్ రంగుల్లోకి మారిందే 1982లో, ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఏడాది. ఆ తర్వాత కూడా చాలాకాలం మన ఇళ్లలో ఉన్నది బ్లాక్ అండ్ వైటే. అలాంటి రోజుల్లో లాడ్జి గదిలో కలర్ టీవీ అంటే మాటలా? అమెరికాలో రోడ్ల పక్కన ఉండే మోటెళ్లు కూడా ఇదే ముక్క నియాన్ దీపాలతో రాసుకున్నాయి. అక్కడ ఇంకో వింత కూడా ఉండేది. 1958లో ఒకాయన మంచానికి బిగించే మోటారు కనిపెట్టి, మ్యాజిక్ ఫింగర్స్ అని పేరు పెట్టాడు. పావు డాలరు బిళ్ల వేస్తే పావుగంట సేపు మంచం వణికేది. మన స్టేషన్ పక్క లాడ్జీలకు ఆ ఖర్చు లేదు, గూడ్స్ బండి వెళ్తే చాలు.

గాంధీనగర్, గవర్నర్‌పేట సందుల్లో నేను తల పైకెత్తి నడిచేది మాత్రం ఫోన్ నంబర్ల కోసం. 0866 తర్వాత ఆరంకెలే ఉన్నాయంటే ఆ బోర్డు రాసి ఇరవై ఏళ్లు దాటినట్టే. 2002-03 ప్రాంతంలో ల్యాండ్‌లైన్ నంబర్లన్నిటికీ ముందు 2 చేర్చారు కదా. ఒక లాడ్జివాళ్లు పాపం ఆ 2 కూడా రాయించారు. చోటు లేదు. మిగతా అంకెలు గుమ్మడికాయల్లా నిగనిగలాడుతుంటే, ఇది ఫ్రేముకీ మొదటి అంకెకీ మధ్య ఇరుక్కుని సన్నగా నిలబడి ఉంది. రంగు కూడా కలవలేదు. ఆ కింద ‘గ్రామ్స్’ అని టెలిగ్రాం అడ్రసు. టెలిగ్రాం 2013 జులైలోనే ఆగిపోయింది, అది మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక్క ఎయిర్ కూల్డ్ దగ్గర జాగ్రత్త. అది ఏసీ కాదు, నీళ్లు పోసే కూలరు. రోహిణి కార్తెలో పొడి వడగాలి కొట్టేటప్పుడు బాగానే పనిచేస్తుంది. ఉక్కపోత రోజున మాత్రం దుప్పటి తడవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ప్రశ్న: ‘24 గంటలూ వేడినీళ్లు’ అన్న బోర్డు చూసి దిగాను. ఎనిమిదింటికే బంద్. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, పొన్నూరు

జవాబు: కౌంటర్ వెనక, క్యాలెండర్ పక్కన ‘వేడినీళ్లు ఉదయం 6 నుంచి 8 వరకు’ అని కాగితం అంటించి ఉంటుంది, చూసుకోలేదా? మేనేజర్‌తో వాదన అనవసరం. రూమ్ బాయ్ చేతిలో ఇరవై రూపాయలు పెట్టండి, బకెట్ వస్తుంది.