పాత స్పీకర్లలో కెపాసిటర్లు మార్చాలా, వద్దా?

మీ బాపు 1980లలో కొన్న స్పీకర్లు ఈ మధ్య మొద్దుగా పలుకుతున్నయి, లోపలి కెపాసిటర్లు మారిస్తే పాత సౌండ్ పోతదేమో అని అడిగిండ్రు. పోదు. ఆ సౌండ్ ఉండేది కోన్లలో, మ్యాగ్నెట్లలో, క్యాబినెట్‌లో. కెపాసిటర్ ఎండిపోయినందుకే అది మీ దాకా వస్తలేదు.

నల్లగొండలో మా పెద్దబాపు రేకుల గదిలో ఏండ్ల తరబడి ఉన్న జోడీని నేనే విప్పిన. వూఫర్ (లావు సౌండ్ పలికే పెద్ద కోన్) తీసి, సౌండ్‌ను లావు, సన్నం అని విడగొట్టి పంపే క్రాసోవర్ బోర్డు బయటికి లాగితే, ట్వీటర్‌కు (సన్న సౌండ్ పలికే చిన్నదానికి) పోయే లైన్లో 4.7 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న ఎలక్ట్రోలిటిక్ (లోపల ద్రవం ఉండే రకం) కెపాసిటర్ కనబడ్డది. ఒక కాలు బోర్డు నుంచి లేపి మీటర్ పెడితే 6 దాటింది. పెరిగింది కదా మంచిదే అనుకోవద్దు, పాతబడ్డవి చాలాసార్లు ఇట్లనే ఎక్కువ చూపిస్తయి. అసలు సంగతి ఈఎస్ఆర్‌లో, అంటే కెపాసిటర్ లోపలి నిరోధంలో తెలుస్తది. అది పెరిగితే ట్వీటర్‌కు పోయే సిగ్నల్‌ను తినేస్తది. 10 డిగ్రీల వేడి పెరిగితే ఎలక్ట్రోలిటిక్ ఆయుష్షు సుమారు సగమైతది. మన ఎండలకు, అందులోనూ రేకుల కింద, ఇంక చెప్పేదేముంది!

కొత్త కెపాసిటర్ల కోసం హైదరాబాద్ పోతే ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ పనికిరాదు, నాన్ పోలార్ కావాలె. ట్వీటర్ లైన్లో నేనైతే పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌వే వేస్త. సరిగ్గా 4.7 దొరకకుంటే 3.3, 1.5 ప్యారలల్‌గా కలపండి, 4.8 వస్తది. వోల్టేజీ మాత్రం పాతదానికంటే తగ్గొద్దు. ఫిల్మ్‌ వేసినంక ట్వీటర్ మరీ గీరినట్టు అనిపిస్తే సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ పెట్టండి, సర్దుకుంటది. వూఫర్ వైపు పెద్ద విలువలకు ఫిల్మ్ దండగ ఖర్చు, కొత్త నాన్ పోలార్ చాలు.

క్రాసోవర్ బోర్డు మీది కాయిల్స్ (తీగ చుట్టలు) జోలికి పోవద్దు, అవి ముసలివి కావు. వూఫర్ అంచు ఫోమ్‌ అయితే వేలు తాకించి చూడండి. పొడిగా రాలితే కొత్త ఫోమ్ అతికించాల్సిందే, లేకుంటే కోన్ వెనక కదిలే వాయిస్ కాయిల్ రాసుకుని కాలిపోతది. రబ్బరైనా బట్టైనా పగుళ్లు లేకుంటే అట్లనే వదిలెయ్యండి. వూఫరే కొత్తది వేస్తమని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోవద్దు, అప్పుడు పోతది మీ బాపు విన్న సౌండ్.

ముందు ఒక్క స్పీకర్‌కే చేసి, మోనోలో పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పుతూ ఒకటే పాట వినండి. తేడా మీకే తెలుస్తది. నచ్చితే రెండోదానికీ అదే బ్రాండ్, అదే విలువ వేయండి.