పాత ఫ్రేమా, కొత్త ఫ్రేమా: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి శ్రీకాంత్‌కు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా సైకిలు మీద వెళ్ళాలన్న నీ సంకల్పం నాకు చాలా సంతోషం కలిగించింది. దానికోసం ఎనిమిది నెలలుగా పాత టూరింగ్ సైకిళ్ళ (సామానుతో దూరప్రయాణాలు చేసే సైకిళ్ళ) ప్రకటనలు చూస్తూ ఏదీ తేల్చుకోలేకపోతున్న నీ అవస్థ కూడా అర్థమైంది. పాత తరహాలో కొత్తగా తయారవుతున్న ఫ్రేము కొని దానికి కావలసిన సామాను బిగించుకోవాలా, లేక 1980ల నాటి మంచి సైకిలు చవకగా దొరికేదాకా ఓపిక పట్టాలా అని అడిగావు. అమెరికా వచ్చిన ఇరవై తొమ్మిదేళ్ళలో నేను రెండు దారులూ తొక్కాను. రెండింటిలోనూ డబ్బు పోగొట్టుకున్నాను, రెండింటిలోనూ ఆనందం పొందాను. అందుచేత నాకు తెలిసినదంతా దాచుకోకుండా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. పాతది కొనదలిస్తే, తొక్కుకుంటూ ఇంటికి తెచ్చుకోగలిగిన పూర్తి సైకిలు కొను. ఉత్త ఫ్రేము కొనదలిస్తే కొత్తదే కొను. పాత ఉత్త ఫ్రేము మాత్రం, ఎంత చవకగా వచ్చినా, మొదటి టూరింగ్ సైకిలు కట్టుకునేవాడు ముట్టుకోకూడదు.

ఈ పాత సైకిళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వాటి విలువ కట్టడం సులువవుతుంది. 1976లో ఈ దేశం తన ద్విశతాబ్ది ఉత్సవాలు జరుపుకున్నప్పుడు, నాలుగు వేలమందికి పైగా ‘బైక్‌సెంటెన్నియల్’ పేరుతో ఒరెగాన్‌కూ వర్జీనియాకూ మధ్య ట్రాన్స్‌అమెరికా దారిలో సైకిళ్ళు తొక్కారు. మీ ఊరి పెన్ హిల్స్ గుట్టమీద వేంకటేశ్వరస్వామి వెలసిన సంవత్సరం కూడా అదే. ఆ ఊపు తరువాతి పదేళ్ళు కొనసాగింది. జపానులో మియాటా కర్మాగారం, విస్కాన్సిన్‌లో ట్రెక్, ఇంకా అనేక కంపెనీలు, బరువు మోయడానికే పుట్టిన పొడవైన ఫ్రేములు చేశాయి. 1985 తరువాత డాలరుతో పోల్చితే యెన్ విలువ పెరిగి జపాను సైకిళ్ళ ధరలు మండిపోయాయి. అదే సమయంలో జనం మనసు మౌంటెన్ బైకుల మీదకు మళ్ళింది. అలా ఎన్నో మంచి సైకిళ్ళు ఒకటి రెండు యాత్రలు కూడా చేయకుండానే గ్యారేజీల గోడలకు చేరాయి. ఆ రోజుల్లో టూరింగ్ సైకిలు కొన్న ఉద్యోగి పదవీ విరమణ చేసి ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, ఆ సైకిలు అసలు టైర్లతో, అసలు క్యారియరుతో బయటకు వస్తుంది. నీవు ఎదురుచూడవలసినది అటువంటి దానికోసం. చేతులు మారి మారి, ఎవరో భాగాలు ఊడదీసి అమ్ముకోగా మిగిలిన అస్థిపంజరం కోసం కాదు.

ఆ అస్థిపంజరాన్ని నేను కొన్నాను. పదహారేళ్ళ క్రితం, రేనాల్డ్స్ 531 గొట్టాలతో కట్టిన అందమైన ఫ్రేము 180 డాలర్లకు వచ్చిందని మురిసిపోయాను. రేనాల్డ్స్ అంటే బర్మింగ్‌హామ్‌లోని ఇంగ్లీషు కంపెనీ. చివరల దగ్గర మందంగా, నడుమ పలచగా ఉండే గొట్టాలకు 1897లోనే పేటెంటు పొందినది. 531 అనే మిశ్రమ ఉక్కు 1935లో వచ్చింది. ఆ చిన్న స్టిక్కరు చూడగానే నా వివేకం మందగించింది. ఇంటికి తెచ్చాక సీటు పోస్టు కదలలేదు. అల్యూమినియం పోస్టుకు గ్రీజు రాయకుండా ఉక్కు గొట్టంలో ఏళ్ళ తరబడి వదిలేస్తే, చెమ్మ చేరి రెండు లోహాలూ ఒకదానినొకటి కరిచిపట్టుకుంటాయి. మూడు వారాలు నూనె పోశాను, చివరికి పోస్టును కోయించి లోపలి ముక్కను రంపపు బ్లేడుతో చీల్పించవలసి వచ్చింది. తరువాత చక్రాలు, క్రాంకులు, బ్రేకులు, గేర్లు మార్చే డీరెయిలర్లు, హెడ్‌సెట్టు, క్యారియర్లు, మడ్‌గార్డులు ఒక్కొక్కటే చేరాయి. ఇల్లు కట్టి చూడమన్నారే, సైకిలు కట్టడం కూడా అటువంటిదే. లెక్క 1,300 డాలర్లు దాటాక రాయడం మానేశాను. ఆ డబ్బుకు ఆ రోజుల్లో అంగడిలో కొత్త టూరింగ్ సైకిలు పూర్తిగా వచ్చేది.

కాబట్టి ఫ్రేము ధర చూడకు, గుమ్మం ముందు ప్రయాణానికి సిద్ధంగా నిలబడిన సైకిలు ధర చూడు. కంపెనీవాడు సామాను టోకున కొంటాడు, నీవు విడివిడిగా చిల్లర ధరకు కొంటావు. ఈ తేడా వల్లనే పూర్తి సైకిలు, పాతదైనా కొత్తదైనా, దాదాపు ఎప్పుడూ విడిభాగాలకంటే చవక.

పాత పూర్తి సైకిలు చూడటానికి వెళ్ళినప్పుడు పురికొస, స్కేలు, చిన్న టార్చిలైటు వెంట తీసుకువెళ్ళు. ముందు హ్యాండిల్ కింద హెడ్ ట్యూబు దగ్గర ఆగు. అక్కడ నుంచి పెడళ్ళవైపు దిగే గొట్టం అడుగు భాగాన్ని, లగ్గు (గొట్టాలు కలిసే చోట ఉండే ఉక్కు తొడుగు) దాటిన తరువాత రెండు మూడు అంగుళాలు, వేళ్ళతో మెల్లగా తడిమి చూడు. సైకిలు ముందు నుంచి దేనినైనా గుద్దుకుంటే ఆ చోట సన్నని ముడత పడుతుంది. కంటికి ఆనకపోయినా వేలికి తెలుస్తుంది, పెయింటు కూడా అడ్డంగా చిట్లి ఉంటుంది. అటువంటి ఫ్రేమును ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. తరువాత పక్కనుంచి నిలబడి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును చూడు. హెడ్ ట్యూబు గీత ఫోర్కు పై సగంలోకి తిన్నగా కొనసాగాలి, కింద మాత్రమే ముందుకు వంగాలి. పై నుంచే వెనక్కు తగ్గి ఉంటే దెబ్బ తిన్నదని అర్థం. ఆ తరువాత పురికొసను వెనుక డ్రాపవుట్‌కు (చక్రం ఇరుసు కూర్చునే గాడికి) కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుట్ దాకా బిగుతుగా లాగి, సీటు గొట్టానికి రెండువైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలువు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు, అంతకు మించితే ఫ్రేము వెనుక భాగం ఒక పక్కకు లాగి ఉన్నట్లు.

సీటు పోస్టు, హ్యాండిల్ స్టెమ్ము రెండూ కదులుతున్నాయో లేదో యజమాని ఎదుటే విప్పి చూడు. నేను చేయని పని అది. మొహమాటపడి మానేశాను. ఇంత దూరం వచ్చినవాడు ఒక బోల్టు వదులు చేసి చూస్తానంటే ఏ పెద్దమనిషీ కాదనడు, కాదన్నాడంటే అక్కడ నుంచి వచ్చేయడమే మేలు. పైపై తుప్పుకు భయపడనక్కరలేదు. పెయింటు కింద పొక్కులుగా లేచిన తుప్పు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం) లోపలి తుప్పు ప్రమాదకరం. క్యారియరు బిగించే చెవుల దగ్గర, వెనుక డ్రాపవుట్ల మూలల్లో జుట్టువంటి పగుళ్ళు ఉన్నాయేమో టార్చి వేసి చూడు.

ఇక కొలతల సంగతి. పాత సైకిళ్ళలో ఎక్కువ డబ్బు మింగేది ఇదే. 1980ల నాటి చాలా టూరింగ్ సైకిళ్ళకు 27 అంగుళాల చక్రాలు ఉంటాయి, వాటి టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. ఈనాటి 700సీ చక్రానిది 622. మన ఊళ్ళో తాతగారు తొక్కిన 28 అంగుళాల సైకిలుది 635. పేర్లు దగ్గరగా వినిపించినా ఒకదాని టైరు ఇంకొకదానికి పట్టదు. 27 అంగుళాల టైర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి గాని, దారిలోని చిన్న ఊళ్ళలో దొరుకుతాయన్న ధీమా వద్దు. 700సీ చక్రాలకు మారితే బ్రేకు రబ్బరు 4 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. కొన్ని బ్రేకులు దిగుతాయి, కొన్ని దిగవు. వెనుక డ్రాపవుట్ల మధ్య వెడల్పు ఆ కాలంలో సాధారణంగా 126 మిల్లీమీటర్లు, తరువాత వచ్చిన టూరింగ్ హబ్బులకు (చక్రం నడిమి భాగాలకు) సాధారణంగా 135 కావాలి. ఉక్కు ఫ్రేము గనుక ఒక్కొక్క పక్కకు నాలుగున్నర మిల్లీమీటర్ల చొప్పున వేడి చేయకుండానే వంచి వెడల్పు చేయవచ్చు, కాని తరువాత డ్రాపవుట్లను మళ్ళీ సమాంతరంగా సరిచేయాలి. అది తెలిసిన మేస్త్రీ పని. ఫ్రెంచి సైకిలు, ముఖ్యంగా పాత ప్యూజో కనిపిస్తే దాని అందానికి నమస్కరించి ముందుకు సాగిపో. దాని బాటమ్ బ్రాకెట్ మరలు, స్టెమ్ము కొలత వేరు, సామాను కోసం నీ సెలవులన్నీ ఖర్చవుతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న నీవు అడగలేదు. నీవు వెళ్ళబోయే దారికి ఎంత లావు టైరు కావాలి? పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా ఉన్న 150 మైళ్ళు సున్నపురాతి పొడి పరిచి చదును చేసిన మంచి దారి, పాత రైలు మార్గం. అక్కడ ఏ టైరైనా నడుస్తుంది. కంబర్లాండ్ దాటాక కాలువ గట్టు మొదలవుతుంది, వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ దాకా 184.5 మైళ్ళు. వాన కురిస్తే ఆ గట్టు బురద, కురవకపోతే చెట్ల వేళ్ళు, గుంతలు. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి 32 మిల్లీమీటర్ల టైర్లతో వెళ్ళి, దారిలో ‘పా పా’ అనే సొరంగానికి ముందున్న బురదలో, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి గడ్డకట్టి చక్రం తిరగక, సామానంతా దించి పుల్లతో గోకి తీశాను. రెండోసారి 42 మిల్లీమీటర్ల టైర్లతో వెళ్ళాను, దారి హాయిగా సాగింది. 1980ల నాటి టూరింగ్ ఫ్రేముల్లో చాలావాటికి మడ్‌గార్డు ఉంచి 35 మిల్లీమీటర్లకు మించిన టైరు పట్టడం కష్టం. కొత్త ఫ్రేములు 40, 45 తేలికగా తీసుకుంటాయి.

రెండోది నీ ఎత్తు. మన కుటుంబంలో అందరిలాగే నీవూ ఐదడుగుల ఐదంగుళాలు. పాతకాలపు ఫ్రేముల్లో చిన్న సైజులు మొదటే తక్కువగా తయారయ్యాయి. తయారైనవాటిలో కూడా పెద్ద చక్రాలనే ఇరికించడం వల్ల హ్యాండిల్ తిప్పినప్పుడు పాదం ముందు చక్రానికి తగులుతుంది. కొందరు కొత్త తయారీదారులు, ఉదాహరణకు మిన్నెసోటాకు చెందిన సర్లీ, చిన్న సైజు ఫ్రేములకు 26 అంగుళాల చక్రాలు పెట్టి ఈ సమస్య తీర్చారు. సైజు కుదరని సైకిలు సగం ధరకు వచ్చినా అది బేరం కాదు. మెడ, మణికట్లు రోజూ దాని బాకీ వసూలు చేసుకుంటాయి.

కొత్తవాటిలో సర్లీతో పాటు శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన సోమా, మేరీల్యాండ్‌కు చెందిన వెలో ఆరెంజ్, కాలిఫోర్నియాలో 1994 నుంచి లగ్గుల ఫ్రేములకు పేరుపొందిన రివెండెల్ కూడా చూడు. రివెండెల్ ఖరీదెక్కువ. లగ్గులు ఉన్నంతమాత్రాన ఫ్రేము ఎక్కువ బలంగా ఉంటుందనుకోకు, మంచి వెల్డింగు కూడా అంతే బలం. లగ్గులకు ఇచ్చే డబ్బు కంటి కోసం ఇచ్చే డబ్బు, రోజూ చూసుకునే వస్తువు మీద అలా ఖర్చు చేయడం తప్పని నేను అనను. తైవాన్‌లో తయారైందని చిన్నచూపు వద్దు, ఉక్కు ఫ్రేములు కట్టడంలో వారికి గొప్ప నైపుణ్యం ఉంది. కొత్త ఫ్రేముల్లో గొట్టాలు ఒకప్పటికంటే కాస్త లావు. సంచుల బరువు వేసి దిగుడులో వదిలితే పాతవాటిలా వణకవు, ఖాళీగా తొక్కితే మాత్రం పాతదాని మెత్తదనం రాదు. నీది బరువుతో చేసే ప్రయాణం.

కొత్త ఫ్రేము కొంటే ఒక్క విషయంలో పొదుపు చేయకు. వెనుక చక్రం 36 స్పోకులతో, చేత్తో కట్టే మంచి మేస్త్రీ దగ్గర కట్టించు. మన ఊళ్ళో సైకిలు షాపతను బెండు తీస్తుంటే గంటలకొద్దీ చూసేవాడివి గుర్తుందా, ఆ పని విలువ దూరప్రయాణంలో తెలుస్తుంది. మిగిలిన సామాను తరువాత మార్చుకోవచ్చు. బిగించే ముందు గొట్టాల లోపల తుప్పు నిరోధక ద్రవం కొట్టించు, సీటు పోస్టుకు గ్రీజు రాయి, హ్యాండిల్ ఎత్తు నీకు ఖాయంగా తెలిసేదాకా ఫోర్కు పై గొట్టాన్ని కోయనివ్వకు.

మధ్యేమార్గం ఒకటుంది. 1990 ప్రాంతపు ఉక్కు మౌంటెన్ బైకు, ముందు స్ప్రింగుల ఫోర్కు లేనిది, ఇంకా తక్కువ ధరకే దొరుకుతుంది. లావు టైర్లు పడతాయి, చాలావాటికి క్యారియరు చెవులు కూడా ఉంటాయి. నీకు పాత తరహా అందం మీద మనసుందని తెలుసు గనుక బలవంతపెట్టను, కాని కాలువ గట్టు మీద అది ఎవరికీ తీసిపోదు.

ఇక నీ విషయంలో నా నిర్ణయం. మార్చి నెలాఖరు దాకా వెతుకు. పూర్తి సైకిళ్ళు మాత్రమే, 50 నుంచి 52 సెంటీమీటర్ల సైజు, కనీసం 38 మిల్లీమీటర్ల టైరు పట్టేది, కారులో రెండు గంటల దూరంలోపు. ఏప్రిల్ ఒకటో తేదీకి దొరకకపోతే కొత్త ఫ్రేముకు డబ్బు కట్టేయి, ఆ తరువాత ప్రకటనలు చూడటం పూర్తిగా మానేయి. వచ్చే అక్టోబరులో ఆకులు రంగు మారే వేళకు నీవు దారిలో ఉండాలి, దానికి ముందు సామానుతో కనీసం నాలుగు వారాంతాలు తొక్కి ఉండాలి.

ఏది కొన్నా బిగించడానికి ఫ్రెడరిక్‌లో మా ఇంటికి తీసుకురా. హెడ్‌సెట్టు రెంచీలు, బాటమ్ బ్రాకెట్ పనిముట్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి, నీవు కొనవద్దు. ఈలోగా గోడకు ఆనుకొని, చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య నుంచి నేల దాకా కొలత సెంటీమీటర్లలో తీయించుకుని తిరుగు ఉత్తరంలో రాయి. అది లేకుండా సైజు గురించి నేను చెప్పినదంతా అంచనాయే.

ఆశీస్సులతో,
మీ మావయ్య