చార్మినార్ పక్కన పాత ఇంటి ముందు భాగం బాగుచేయించడానికి జీహెచ్ఎంసీ అనుమతి చాలా?

అడిగినది ఇదీ: ఇల్లు చార్మినార్ దగ్గర గల్లీలో ఉంది, తాతల నాటిది. ముందు గోడ పెచ్చులు ఊడుతోంది, బాల్కనీ కుంగింది. మున్సిపాలిటీకి దరఖాస్తు చేస్తే సరిపోతుందా?

సరిపోదు. చార్మినార్ కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించాక, కేంద్ర రక్షణలో ఉన్న ఏ కట్టడానికైనా దాని హద్దు నుంచి నలువైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అది దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది రక్షిత స్థలం హద్దు నుంచి, కట్టడం నడిమధ్య నుంచి కాదు. గోల్కొండ, వరంగల్ కోటల దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గోపురమో తోరణమో దూరంగా కనిపిస్తే మనం బయటే ఉన్నామనుకుంటారు. పెరటి వెనకాల ఉన్న కోట గోడ కూడా రక్షణలోదే అయితే లెక్క ఆ గోడ నుంచే. ఇంకో అపోహ: 75 గజాల లోపు స్థలానికి రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో రిజిస్ట్రేషన్ చాలు కదా అంటారు. అది రాష్ట్ర చట్టం ఇచ్చిన వెసులుబాటు, కేంద్ర చట్టం ముందు పనికిరాదు. అనుమతి లేకుండా మొదలుపెడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి దారే లేదు. మరమ్మతుకు మాత్రం ఉంది. ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉండాలి, లేదా ఆ తర్వాత కేంద్ర పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టినదై ఉండాలి. మొదటిదానికి రుజువుగా పాత ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్టరు దస్తావేజు, అప్పట్లో మంజూరైన ప్లాను, దొరికినవన్నీ జతచేయండి. ఒక్క కాగితాన్నే నమ్ముకోవద్దు.

ఇక అసలు సంగతి. నా లెక్కలో ఇలాంటి దరఖాస్తుల్లో సగానికి పైగా చట్టం వల్ల కాదు, డ్రాయింగుల వల్ల పోతాయి. ఒక బాల్కనీ ఫైలు ఎలా పడిపోతుందో చూడండి. చెక్క బ్రాకెట్లు చెదపట్టి బాల్కనీ ముందుకు ఒరిగింది. ఇంటాయన డ్రాఫ్ట్స్‌మన్‌ను పిలుస్తాడు. ఆ కుర్రాడు టేపు పట్టి ఉన్నది కొలవడు, కంప్యూటర్లో శుభ్రమైన కొత్త ఇల్లు గీస్తాడు. రెండున్నర అడుగుల పిట్టగోడ డ్రాయింగులో మూడున్నర అవుతుంది. మూడడుగుల బాల్కనీ నాలుగడుగులు అవుతుంది, కుర్చీ వేసుకోవడానికి బాగుంటుందని. అధికారి స్థలానికి వచ్చి ఫొటోలు తీసుకుంటే తేడా వెంటనే బయటపడుతుంది. పైకి పెరిగినా, పక్కకు పెరిగినా చట్టం దృష్టిలో అది నిర్మాణమే. వంద మీటర్లలో నిర్మాణం కుదరదు కాబట్టి దరఖాస్తు మొత్తం తిరస్కరణకు గురవుతుంది, చెదపట్టిన బ్రాకెట్లతో సహా. మళ్లీ గీయించి మళ్లీ పెట్టేసరికి ఒక వానకాలం దాటిపోతుంది, ఒరిగిన బాల్కనీ ఇంకాస్త ఒరుగుతుంది.

అందుకే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు కొలిపించండి: ప్లాను, ముందువైపు ఎలివేషను (ఎదురుగా నిలబడితే కనిపించే బొమ్మ), ఒక సెక్షను (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ). నాలుగు వైపుల నుంచీ ఫొటోలు, ప్రతి ఫొటోలో కొలత బద్ద కనిపించేలా. తర్వాత అదే స్కేలులో చేయబోయే పని గీయించి, మారేది వేరే రంగులో చూపించండి. ఎత్తు రాసేటప్పుడు మెట్ల గది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి రాయాలి. శ్లాబు వరకే రాసి పైన ట్యాంకు పెట్టినవాళ్లు తర్వాత ఇరుక్కుంటారు. "ముందు భాగం మరమ్మతు" అని ఒక్క ముక్కలో రాయొద్దు. ఏ గోడ మీద ఎన్ని చదరపు అడుగుల గిలాబు (ప్లాస్టరింగు), ఎన్ని బ్రాకెట్లు, ఏ కలప అనేది విడివిడిగా రాయండి.

దరఖాస్తు వెళ్లేది రాష్ట్రానికి నియమించిన సమర్థ అధికారికి. ఆయన 15 రోజుల్లో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో సిఫార్సు చెప్పాలి, అది అందిన నెలలోపు ఆయన ఉత్తర్వు ఇవ్వాలి. అంతా గడువు ప్రకారం సాగినా మూడున్నర నెలలు. జూన్‌లో పెడితే వానలు వెనకపట్టాక, అక్టోబరు, నవంబరుల్లో పని మొదలవుతుంది. సున్నం పనికి అదే మంచి కాలం. జడివానలో గిలాబు కారిపోతుంది, మండుటెండలో ఆరిపోయి పగుళ్లిస్తుంది.

సున్నం మాట వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే. డంగు సున్నంతో కట్టిన గోడకు సిమెంటు గిలాబు చేయించకండి, అనుమతి వచ్చినా సరే. పాత గోడ నేలలోంచి చెమ్మ పీల్చి బయటికి వదులుతూ ఉంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ లోపలే ఉండి, ఉప్పు పేరుకుని, గిలాబు ఉబ్బి పలకలు పలకలుగా ఊడుతుంది, పోతూ పోతూ పాత ఇటుక ముఖాన్నీ పట్టుకుపోతుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి సాగిన పునరుద్ధరణలో గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం వేశారు. మీ ఇంటికీ అదే పద్ధతి: గుంటలో వారాల తరబడి నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు, పలుచని పొరలుగా, తడి గోనె కప్పుతూ. ఇది తెలిసిన మేస్త్రీని దరఖాస్తు పెట్టిన రోజే మాట్లాడిపెట్టుకోండి, అలాంటివాళ్లు తక్కువ.

వంద మీటర్లు దాటి మూడొందల లోపు ఉన్నవాళ్లకు దారి ఇదే, కాకపోతే అక్కడ కొత్త నిర్మాణానికీ అడగొచ్చు. మూడొందలు కూడా దాటిన పాత ఇళ్ల సంగతే బాధగా ఉంటుంది. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో 13వది హైదరాబాద్ వారసత్వ భవనాలను కాపాడేది. 2015లో దాన్ని తీసేశారు. పత్తర్‌గట్టి రాతి కమానుల మీద ఫ్లెక్సీ బోర్డులు, ఏసీ పెట్టెలు ఎలా ఎక్కాయో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీ ముందు గోడకైనా ఏసీ పెట్టె బిగించకండి, పెరటివైపు పెట్టించి ఆ చోటును కూడా డ్రాయింగులో చూపించండి.