లారీలు వద్దనకండి, వేళ అడగండి

అన్నా, కర్నూలు వన్‌టౌన్‌లో మీ వీధికి పగలంతా లారీలు అడ్డం పడుతున్నాయి, పూర్తిగా ఆపించమని అర్జీ పెట్టాలా అని అడిగారు కదా. పూర్తి నిషేధం అడగొద్దు. అంగళ్లకు సరుకు రావాల్సిందే. లారీని ఆపితే అదే సరుకు నాలుగైదు ఆటో ట్రాలీల్లో వస్తుంది, రద్దీ ఇంకా పెరుగుతుంది.

ముందు మూడు రోజులు ఉదయం నుంచి రాత్రి దాకా లెక్క రాయండి: ఏ బండి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు నిలబడింది, సరుకు దించిందా లేక ఊరికే దాటిపోయిందా. ఈ చివరిదే కీలకం. దాటిపోయే బండ్లను హైవే మీదికి మళ్లించమని అడగొచ్చు. బెంగళూరు వైపు 44వ నంబరు, నంద్యాల, కడప వైపు 40వ నంబరు జాతీయ రహదారులు ఉన్నాయి. దించేవాటికి మాత్రం వేళ, చోటు రెండూ కావాలి.

మా గోడౌన్ దగ్గర నేను చూసిందేమిటంటే, సంచులు దించే పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. లారీ ఎనిమిదికే వస్తుంది, హమాలీలు పదికి వస్తారు. ఆ రెండు గంటలూ సగం రోడ్డు పోయినట్టే. అందుకే హమాలీల మేస్త్రీని, అంగళ్లవాళ్లను కూర్చోబెట్టి తెల్లవారుజాము వేళకు ఒప్పించండి. కూలి కాస్త పెంచాల్సి రావచ్చు, అది న్యాయమే.

అర్జీలో 1988 మోటారు వాహనాల చట్టం రాయండి. 115వ సెక్షన్ రాకపోకల ఆంక్షలకు, 117 పార్కింగ్ చోట్లకు. నెల లోపు ఆంక్షకు ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన అక్కర్లేదు కాబట్టి, ముందు నెల రోజులు ప్రయోగంగా పెట్టమని అడగండి. ఉల్లి సీజన్‌లో మాత్రం వద్దు, అప్పుడు మార్కెట్ యార్డుకు వచ్చే బండ్లతో లెక్క తప్పుతుంది.