రాత్రి కెమెరాలో మొహం ఎందుకు కనబడదు?

ప్రశ్న: మా ఇల్లు రామమూర్తినగర్‌లో. గేటు లోపల పోర్టికోలో కెమెరా పెట్టించి ఏడాదైంది. పగలు అంతా స్పష్టంగా ఉంటుంది. మొన్న రాత్రి ఎవడో వచ్చి స్కూటర్‌లో పెట్రోలు తీసుకుపోయాడు. రికార్డింగ్ చూస్తే మనిషి పొగలా సాగిపోతున్నాడు, మొహం ఉండాల్సిన చోట తెల్లమచ్చ. బిగించిన అబ్బాయి 5 మెగాపిక్సెల్ కెమెరా కొనమంటున్నాడు. కొనాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అప్పుడే కొనకండమ్మా. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు, రెండింటికీ మందు చాలావరకు మీ ఇంట్లోనే ఉంది.

ముందు తెల్లమచ్చ సంగతి. చీకటి పడగానే కెమెరాలో టిక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. లోపలి ఫిల్టర్ పక్కకు జరిగి, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, రంగులు పోతాయి. ఆ వెలుగు మన కంటికి ఆనదు గానీ దగ్గరున్న గోడకో సన్‌షేడుకో కొట్టుకుని నేరుగా లెన్సులోకి తిరిగొస్తుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒకరింట్లో సన్‌షేడుకు కొత్తగా తెల్లరంగు వేయించిన రోజు నుంచి రాత్రిపూట బొమ్మంతా మంచు కమ్మినట్టే. కెమెరా మార్చి అదే చోట బిగిస్తే మళ్లీ అదే మంచు! కెమెరాను కొంచెం కిందికి వంచి, సన్‌షేడు ఫ్రేములో లేకుండా చేశాక సరిపోయింది. మీరూ అదే చూడండి. లెన్సు ముందు సాలెపోగు ఒక్కటున్నా రాత్రి అది లావుపాటి తాడై కనబడుతుంది, మెత్తని పొడిగుడ్డతో తుడవండి. మెనూలో 'స్మార్ట్ ఐఆర్' (మనిషి దగ్గరికొస్తే ఇన్‌ఫ్రారెడ్ వెలుగును తగ్గించేది) ఉంటే ఆన్ చేయండి, దగ్గరికొచ్చిన మొహం తెల్లగా మాడిపోదు.

ఇక సాగిపోవడం. అసలు తగాదా ఇక్కడే. ఆటోలో వదిలేస్తే కొన్ని కెమెరాలు వెలుగు కోసం రాత్రి షట్టర్‌ను, అంటే ఒక్కో బొమ్మకు వెలుగు పట్టే సమయాన్ని, 1/12 సెకనుకో, ఇంకా నెమ్మదికో దించేస్తాయి. బొమ్మ వెలుగ్గా, చూడ్డానికి బాగుంటుంది. కానీ మామూలుగా నడిచే మనిషి సెకనుకు మీటరు పైనే కదులుతాడు, అంటే ఒక్క బొమ్మ పడేలోపే ఎనిమిది పది సెంటీమీటర్లు. మొహం ఏం మిగులుతుంది? మెనూలో ఎక్స్‌పోజర్‌లోకి వెళ్లి షట్టర్‌ను 1/50 కన్నా నెమ్మది కాకుండా కట్టేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ అంకె పెడితే లైట్ల కింద చారలూ రావు. ఫోన్ యాప్‌లో ఇది కనబడకపోతే రికార్డర్ మెనూలో వెతకండి.

బొమ్మ చీకటిగా అవుతుంది, టెన్షన్ పడకండి. నాకైతే వెలుగ్గా ఉండి ఎవరో తెలియని బొమ్మకన్నా మసకగా ఉన్నా మనిషిని పట్టిచ్చేదే మేలు. గెయిన్ (బొమ్మను కృత్రిమంగా వెలుగ్గా చేసే సెట్టింగ్) బాగా పెంచితే ఇసుక చల్లినట్టవుతుంది, సగం దగ్గర ఆపండి. ఆ ఇసుకను తగ్గించే త్రీడీ డీఎన్ఆర్ సెట్టింగ్‌ను మధ్యలో ఉంచండి, పైకి తోస్తే కదిలేవాటి వెనక నీడలు లాగుతుంది.

తగ్గిన వెలుగు కోసం గేటు దగ్గర 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి వేయండి. బల్బు మాత్రం కెమెరా ఫ్రేములో పడకూడదు. మెగాపిక్సెల్స్ పెరిగినా సెన్సర్ (కెమెరా లోపల వెలుగు పట్టే చిప్పు) సైజు అంతే ఉంటే ఒక్కో పిక్సెల్‌కు దొరికే వెలుగు తగ్గుతుంది, కాబట్టి ఆ అబ్బాయి చెప్పిన కెమెరా రాత్రికి ఇంకా అధ్వానంగానూ ఉండొచ్చు.

అన్నీ మార్చాక రాత్రి పదింటికి ఇంట్లో ఎవరినైనా గేటు నుంచి స్కూటర్ దాకా నడవమని, తర్వాత ఆ రికార్డింగ్ పెట్టి మొహం దగ్గర ఆపి చూడండి. లైవ్ చూసి నిర్ణయించకండి, ఫోన్‌లో చాలాసార్లు తక్కువ క్వాలిటీదే వస్తుంది. చీకటి పడి కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే బొమ్మ పోయి మళ్లీ వస్తోందంటే మాత్రం వైరు పొడవెక్కువై 12 వోల్టులు పూర్తిగా అందకపోవచ్చు, లేదా అడాప్టర్ బలహీనపడి ఉండొచ్చు. అప్పుడు ఆ అబ్బాయిని పిలిచి ముందు అడాప్టర్ మార్చి చూడమనండి.