మంచు మీద కళకు మార్కులా?

ప్రశ్న: 2014 సోచి ఒలింపిక్స్ ఫిగర్ స్కేటింగ్‌లో కొరియా అమ్మాయి యునా కిమ్ ఎక్కడా తడబడలేదు. అయినా స్వర్ణం రష్యా అమ్మాయి సోత్నికోవాకే వచ్చింది. ఇది న్యాయమేనా మేడమ్?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అర్ధరాత్రి దాకా మేలుకుని చూశానమ్మా, తర్వాత నిద్ర పట్టలేదు. సోత్నికోవా వరుసగా వేసిన మూడు గెంతుల్లో చివరిదాని దగ్గర తూలింది. కిమ్ టాంగో సంగీతానికి భుజం తిప్పితే ఆ కదలిక వేలికొసదాకా పాకింది.

కానీ మార్కుల కాగితం చూడండి. ఫ్రీ స్కేటింగ్‌లో, అంటే పోటీలోని రెండో, పెద్ద భాగంలో, మూడు చుట్ల గెంతులు సోత్నికోవావి ఏడు, కిమ్‌వి ఆరు. రెండు భాగాలూ కలిపి మొత్తం మార్కులు సోత్నికోవాకు 224.59, కిమ్‌కు 219.11. గెంతుల లెక్కతో నాకు పెద్ద పేచీ లేదు. ఫ్రీ స్కేటింగ్‌లో కళకు వేసే మార్కులే మింగుడుపడవు: కిమ్‌కు 74.50, సోత్నికోవాకు 74.41. తేడా 0.09!

2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లో జడ్జీలు కుమ్మక్కయ్యారన్న గొడవ తర్వాతే, ఆరుకు ఇన్ని అని మార్కులు వేసే పాత 6.0 పద్ధతి పోయింది. ఇప్పుడు తొమ్మిది మంది జడ్జీల మార్కుల్లో ఎక్కువది, తక్కువది తీసేసి సగటు కడతారు. ఒక్కరి పక్షపాతాన్ని అది ఆపుతుంది. కానీ సోచి రష్యాలోదే; సొంత జనం చప్పట్లతో హాలంతా ఊగిపోతుంటే తొమ్మిది మంది మనసూ కాస్త అటే ఒరిగితే? దాన్ని ఏ సగటూ పట్టుకోలేదు.

నేనే జడ్జీనైతే కళకు కిమ్‌కు కనీసం రెండు మార్కులు ఎక్కువ వేసేదాన్ని.