బైబిల్లో మత్తయి సువార్త 25లో తలాంతు అంటే పాటలు పాడే టాలెంటేనా?

కాదండి. అక్కడ యేసు చెప్పిన ఉపమానంలో ఒక యజమాని ప్రయాణమై వెళ్తూ ముగ్గురు దాసులకి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు, మొదటి ఇద్దరూ వాటిని రెట్టింపు చేస్తారు, ఒక్కటి అందుకున్న మూడోవాడు దాన్ని పాతిపెడతాడు. ఆ ఉపమానంలో తలాంతు అంటే డబ్బు, అదీ చాలా పెద్ద మొత్తం. అసలు అది ఒక తూకం, 30 కిలోల పైనే ఉంటుంది, దాని విలువ సుమారు 6000 దేనారాలు, ఒక దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడి ఒక రోజు కూలి. ఇప్పుడు రోజు కూలి 500 అనుకుంటే ఒక్క తలాంతే 30 లక్షలు అవుతుంది! అంటే ఒక్కటి అందుకున్నవాడికి యజమాని తక్కువేం ఇవ్వలేదు, ఏళ్ల తరబడి కష్టపడితే వచ్చేంత నమ్మి చేతిలో పెట్టాడు, ఇది నాకైతే ఆ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

చర్చిలో కీబోర్డ్ వాయించేవాళ్లని చూసి మంచి తలాంతు ఉంది అంటాం కదా, ఆ అర్థం ఈ ఉపమానం నుంచే తర్వాత పుట్టింది, ఇంగ్లీషులో టాలెంట్ అనే మాట కూడా అంతే. అలా వాడడం తప్పు కాదు గానీ వచనంలోనే ఎవరి సామర్థ్యాన్ని బట్టి వాళ్లకి తలాంతులు ఇచ్చాడని ఉంది చూడండి, సామర్థ్యం వేరు తలాంతు వేరు. కాబట్టి నాకు పాడడం రాదు, వాక్యం చెప్పడం రాదు, ఈ కథ నాకు కాదులే అనుకోవద్దు. మూడోవాడు పాతిపెట్టింది కూడా చేతకాక కాదు, భయపడి పాతిపెట్టాను అని వాడే చెప్పాడు.